చీకటి దారిలో చిట్టి ఇంజిన్

టైంటేబుల్లో దాని పేరుండదు. స్టేషన్లో దానికోసం ఎవరూ ఎదురుచూడరు. ఎక్స్‌ప్రెస్ ఇంజిన్ పక్కన నిలబెడితే ఏనుగు పక్కన దూడలా ఉంటుంది. కానీ రైలు ప్రపంచంలో పెద్ద ఇంజిన్లు వెళ్లలేని చోటికి వెళ్లేదీ, ఎవరూ చేయనంటే ఆ పని చేసేదీ అదే. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలినప్పుడు రాష్ట్రమంతా రోజుల తరబడి విన్న 'లోకో ట్రైన్'ను లాగింది ఆ జాతి బుల్లి ఇంజినే!

చిన్నపిల్లలున్న ఇళ్లలో 'థామస్ అండ్ ఫ్రెండ్స్' గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ బొమ్మల కథల్లో పెర్సీ అనే ఆకుపచ్చ ఇంజిన్ ఉంటుంది గుర్తుందా? థామస్‌కి ఆరు చక్రాలు. పెర్సీకి నాలుగే! ఇంగ్లండులో చర్చి ఫాదరీగా పనిచేసిన ఆడ్రీ 1950లో తన పుస్తకంలోకి పెర్సీని తీసుకొచ్చాడు. ఎందుకో తెలుసా? పెద్ద ఇంజిన్లు 'మా బోగీలు మేమే తెచ్చుకోవాలా? మాకది నామోషీ' అని సమ్మె కడతాయి. దాంతో ఆ పనికోసం రైల్వే పెద్దాయన ఓ చిన్న ఇంజిన్‌ని కొనుక్కొస్తాడు. అదే పెర్సీ.

కథ పిల్లలదే అయినా విషయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

నాలుగే ఎందుకు?

గూడ్సు బండి ఒకటి యార్డులోకి వచ్చిందనుకోండి. అందులో పది వ్యాగన్లు సిమెంటు ఫ్యాక్టరీకి, ఐదు గోదాములకి, రెండు రిపేరుకి పోవాలి. వాటిని విడదీసి, అటూ ఇటూ తోసి, ఏ లైనువి ఆ లైనులోకి చేర్చాలి. దీన్నే షంటింగ్ అంటారు. ఇంట్లో పెళ్లయితే వంటవాళ్లూ వడ్డించేవాళ్లూ చేసే చాకిరీ లాంటిదన్నమాట. ఫొటోల్లో వాళ్లు కనపడరు. కానీ వాళ్లు లేకపోతే పెళ్లే జరగదు.

ఈ పనికి వేగం అక్కర్లేదు. కావాల్సింది రెండే. ఒకటి, మలుపు ఎంత ఇరుకుగా ఉన్నా తిరగగలగాలి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎంత తక్కువైతే ఇంజిన్ అంత ఇరుకు మలుపులో ఒదుగుతుంది. రెండోది పట్టు. ఇనుప పట్టామీద ఇనుప చక్రం జారిపోకుండా ఉండాలంటే పైనుంచి బరువు పడాలి. పెద్ద ఆవిరి ఇంజిన్లలో కొంత బరువు తిప్పుడు శక్తి లేని ఉత్త చక్రాల మీద కూడా పడుతుంది. నాలుగు చక్రాల బుల్లి ఇంజిన్లో ఉత్త చక్రాలుండవు. నాలుగూ లాగేవే! అందుకే ఒళ్లు చిన్నదైనా పట్టు గట్టిది. పట్టాలు తడిసి జారుతుంటే చక్రాల ముందు ఇసుక రాల్చే ఏర్పాటు కూడా ఉంటుంది. ఈ ఇసుక సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ పనికొస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. వేగం పెంచితే ఎడ్లబండిలా ఊగిపోతుంది. అందుకే దాన్ని మెయిన్ లైను మీద పరుగెత్తించరు. యార్డులోనో రేవులోనో ఫ్యాక్టరీలోనో దాని కాపురం.

గుర్రం బదులు...

చిట్టి ఇంజిన్ల పుట్టిల్లు బ్రిటన్. అంతకుముందు అక్కడ షంటింగ్ చేసింది ఎవరో తెలుసా? గుర్రాలు! ఇంజిన్లు వచ్చాక కూడా చాలా స్టేషన్లలో వ్యాగన్లను గుర్రాలే లాగేవి. అక్కడి రైల్వేలో చిట్టచివరి షంటింగ్ గుర్రం పేరు చార్లీ. న్యూమార్కెట్ స్టేషన్లో పనిచేసి 1967లో రిటైరైంది. డీజిల్ ఇంజిన్లు దేశమంతా తిరుగుతున్న రోజులవి!

గుర్రం చోటును మొదట ఆక్రమించింది ఆవిరి చిట్టిలే. లివర్‌పూల్ రేవులో గోదాముల మధ్య పట్టాలు వీధి సందుల్లా మెలికలు తిరిగి ఉండేవి. వాటికోసం లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే 1891 నుంచి 1910 దాకా 57 బుల్లి ఇంజిన్లను తయారుచేసింది. ఒక్కోటి సుమారు 21 టన్నులు. వీటి ముద్దుపేరు 'పగ్'. ఒకప్పటి హచ్ ఫోన్ ప్రకటనలో కుర్రాడి వెంటపడే కుక్కపిల్ల ఉండేది చూడండి, దాని జాతి పేరూ అదే! ఆ 57లో ఇప్పుడు మిగిలినవి రెండు. సౌతాంప్టన్ రేవులోని నాలుగు చక్రాల ఇంజిన్లకైతే ఓడలకి పెట్టినట్టు నార్మండీ, గ్రాన్‌విల్ అని పేర్లు పెట్టుకున్నారు.

ఇంకో ముచ్చట. రాడ్‌స్టాక్ అనే ఊళ్లో బొగ్గు గనుల దగ్గర ఓ వంతెన ఉండేది. దాని కింద మామూలు ఇంజిన్ పట్టేది కాదు. పొగగొట్టం తగిలేది. వంతెనని ఎత్తు పెంచాలా? అక్కర్లేదన్నారు. 1929లో సెంటినెల్ కంపెనీతో బాగా పొట్టి ఇంజిన్లు రెండు చేయించుకున్నారు. దారిని బట్టి బండి అన్నమాట!

పేలుడు మందుల ఫ్యాక్టరీల్లోనూ కాగితం మిల్లుల్లోనూ నిప్పురవ్వ పడితే కొంప మునుగుతుంది కదా. అక్కడికి నిప్పే లేని ఆవిరి ఇంజిన్లు వచ్చాయి. ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి ఆవిరిని ఫ్లాస్కులో కాఫీ నింపినట్టు నింపుకుని, అది అయిపోయేదాకా పనిచేసి, మళ్లీ వెళ్లి నింపుకునేవి.

తర్వాత డీజిల్ యుగం. 1960, 61ల్లో యార్క్‌షైర్ ఇంజిన్ కంపెనీ బ్రిటిష్ రైల్వేకి 20 నాలుగు చక్రాల డీజిల్ ఇంజిన్లు ఇచ్చింది. వాటి శక్తి 170 హార్స్‌పవర్. ఈ రోజుల్లో ఓ పెద్ద కారుకి ఉండేంత! కానీ వచ్చిన పదిహేనేళ్లలోపే వాటికి పని లేకుండా పోయింది. ఒకటీ రెండూ వ్యాగన్ల చిల్లర సరుకంతా లారీలకి వెళ్లిపోయింది. రైలుకి మిగిలింది ఒకచోట నింపి ఒకచోట దింపే నిండు గూడ్సే. విడదీసే పని లేనప్పుడు విడదీసే ఇంజిన్ ఎందుకు?

మన దగ్గరా కథ అటే నడిచింది. చిత్తరంజన్‌లో షంటింగ్ కోసమే తయారైన ఆరు చక్రాల డీజిల్ ఇంజిన్లు మన యార్డుల్లో కొన్ని దశాబ్దాలు చెమటోడ్చాయి. 1980ల తర్వాత నిండు గూడ్సులు పెరిగాక యార్డుల్లో ఆ హడావుడి తగ్గిపోయింది.

అయితే ఒకచోట మాత్రం చిట్టి ఇంజిన్‌కి ఇప్పటికీ తిరుగులేదు. అది భూమి లోపల!

సముద్రం కింద షికారు

ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రం అడుగున 50 కిలోమీటర్ల చానెల్ టన్నెల్ ఉంది కదా. 1994లో మొదలైంది. ఇప్పుడందులో వేగంగా దూసుకెళ్లే యూరోస్టార్ రైళ్లనే అందరూ ఫొటోలు తీస్తారు. కానీ ఆ సొరంగం తవ్వుతున్నప్పుడు కూలీలనీ సిమెంటు దిమ్మెల్నీ రోజూ లోపలికి చేర్చింది సన్న పట్టాల మీద తిరిగిన బుల్లి ఇంజిన్లే. వాటి పట్టాల మధ్య దూరం 900 మిల్లీమీటర్లు. మామూలు రైలు పట్టాలు అక్కడ 1,435 మిల్లీమీటర్లు.

తవ్వకం పూర్తయ్యాక ఏం చేశారు? లీడ్స్ నగరంలోని హన్‌స్లెట్ కంపెనీ తయారుచేసిన నాలుగు చక్రాల ఇంజిన్లు పన్నెండింటిని జర్మనీలోని షోమా కంపెనీకి పంపి, చక్రాల వెడల్పు పెంచి, అదే టన్నెల్లో షంటింగ్ పనికి పెట్టుకున్నారు. ఇల్లు కట్టిన మేస్త్రీని ఆ ఇంటికే కాపలాగా ఉంచినట్టు!

అటువంటి పనే, అంతకన్నా కష్టమైన చోట, మన నల్లమల కింద కూడా నడిచింది.

పులుల అడవి కింద

ఎస్సెల్బీసీ అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ. అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు అన్నా ఇదే. శ్రీశైలం జలాశయం నుంచి 30 టీఎంసీల నీటిని నల్గొండ జిల్లాకి మళ్లించి మూడు లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది ఆలోచన. మధ్యలో నల్లమల కొండలు అడ్డం. అందుకే సొరంగం. ఒక మూతి పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని దోమలపెంట దగ్గర. రెండో మూతి మన్నెవారిపల్లి దగ్గర. రెండింటి మధ్య దూరం 43.93 కిలోమీటర్లు.

ఇంత కష్టం ఎందుకంటే, నల్గొండ సంగతి తెలిసినవాళ్లకి వివరించనక్కర్లేదు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ తరతరాల పాటు ఎముకల్ని వంచేసిన నేల అది. నీళ్లలో ఫ్లోరైడ్‌ని పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టారంటేనే అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత ఊళ్లకి మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. కానీ పొలం సంగతి వేరు. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర మోటార్లతో నీటిని ఎత్తిపోయాలి. మోటారు తిరిగితే కరెంటు బిల్లు తిరుగుతుంది. సొరంగం పూర్తయితే శ్రీశైలం నీరు మోటారు లేకుండా, పల్లానికి దానంతటదే పారుతుంది. అందుకే దేవరకొండ, మునుగోడు రైతులు ఆ సొరంగం వైపు అంత ఆశగా చూశారు.

2005లో పని అప్పగించారు. ఐదేళ్లలో పూర్తవ్వాలి. రెండు మూతుల నుంచీ రెండు భారీ టన్నెల్ బోరింగ్ మిషన్లు, అంటే టీబీఎంలు, ఎదురెదురుగా తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలవాలని ప్లాను. పది మీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి దారిని అవి తొలుస్తాయి. అయితే 2009 అక్టోబరులో కృష్ణకి వచ్చిన వరద దోమలపెంట వైపు సొరంగంలోకి దూసుకొచ్చి మిషన్‌ని ముంచేసింది. తర్వాత రిపేర్లు, డబ్బుల ఇబ్బందులు, ఊట నీరు... ఏళ్లు దొర్లిపోయాయి. 2025 నాటికి పూర్తయింది సుమారు 34.37 కిలోమీటర్లు. మిగిలింది 9.56.

దారి ఒక్కటే

మామూలుగా పొడుగాటి సొరంగం తవ్వేటప్పుడు మధ్య మధ్యలో పైనుంచి బావుల్లాంటి దారులు దింపుతారు. గాలి వస్తుంది, మనుషులు రావచ్చు, ఆపదొస్తే పారిపోవచ్చు. ఇక్కడ అది కుదరలేదు. పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులుల అడవిలో బావులు తవ్వడానికి వీల్లేదు. దాంతో 44 కిలోమీటర్ల సొరంగానికి మిగిలినవి రెండే గుమ్మాలు. తవ్వే మిషన్ ఎంత లోపలికి పోతే గుమ్మం అంత వెనక్కి పోతుంది.

అలాంటి చోట మిషన్ దగ్గరికి చేరేది ఎలా? పట్టాలు వేసి, వాటిమీద లోకో ట్రైన్ నడిపారు. తవ్విన రాతిని బయటికి మోసేది కన్వేయర్ బెల్టు. మిగతావన్నీ లోకో పనే. షిఫ్టు మారినప్పుడు మనుషుల్ని తీసుకెళ్లాలి, తీసుకురావాలి. సొరంగం గోడకి అమర్చే కాంక్రీటు సెగ్మెంట్లు మోయాలి. సిమెంటు, విడిభాగాలు, పనిముట్లు చేరవేయాలి. సెగ్మెంట్లు రాకపోతే గోడ లేదు. గోడ లేకపోతే మిషన్ ముందుకు కదలదు. వందల కోట్ల యంత్రం రోజూ కాచుకుని ఉండేది ఈ బుల్లి బండి కోసమే!

దోమలపెంట వైపు ఇంకో చిక్కుంది. నీరు శ్రీశైలం నుంచి నల్గొండకి పారాలి కాబట్టి సొరంగం దోమలపెంట నుంచి లోపలికి పల్లంగా దిగుతుంది. అంటే రాళ్లలోంచి ఊరిన నీరు బయటికి రాదు, మనుషులు పనిచేసే చోటికే పోతుంది. నిమిషానికి వేల లీటర్ల ఊటను మోటార్లతో ఎప్పటికప్పుడు పైకి తోడుతూనే ఉండాలి. లోకో కూడా లోపలికి వెళ్లేటప్పుడు దిగుతుంది, వచ్చేటప్పుడు ఎక్కుతుంది.

ఆ శనివారం ఉదయం

2025 ఫిబ్రవరి 22, శనివారం. చాలాకాలం ఆగిపోయిన పని మొదలై కొన్ని రోజులే అయింది. ఉదయం షిఫ్టు ఎప్పటిలాగే లోపలికి వెళ్లింది. మూతి నుంచి దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో మిషన్ ఉంది. ఎనిమిదిన్నర ప్రాంతంలో పైకప్పు కూలింది. నీరూ మట్టీ రాళ్లూ కలిసి ఉప్పెనలా విరుచుకుపడ్డాయి. వెనకవైపు ఉన్నవాళ్లు బయటపడ్డారు. మిషన్ దగ్గరున్న ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్, జార్ఖండ్... ఎక్కడెక్కడి నుంచో నల్గొండకి నీళ్లు తేవడానికి వచ్చినవాళ్లు.

ఆ రాత్రే జాతీయ విపత్తు దళం లోపలికి వెళ్లింది. ఎలా వెళ్లారు? 11 కిలోమీటర్లు లోకో మీద. ఆ పైన రెండు కిలోమీటర్లు కన్వేయర్ బెల్టు మీద నడక. ఆ ముందు బురద, విరిగిన సెగ్మెంట్లు, నలిగిన ఇనుము. పేర్లు పెట్టి పిలిస్తే జవాబు రాలేదు.

ఇసుక సంగతి గుర్తుందా? ఇనుప చక్రానికీ ఇనుప పట్టాకీ మధ్య పట్టు ఉంటేనే ఇంజిన్ బతుకు. నీరు పల్చగా ఉంటే ఇసుక ఆదుకుంటుంది. అడుగుల లోతు బురద కప్పేస్తే ఏ ఇంజినూ చేయగలిగింది లేదు. బండి ఆగిన చోటే మనుషుల బలం కూడా సగం ఆగిపోయింది. అక్కడి నుంచి ప్రతి పలుగూ ప్రతి గ్యాస్ సిలిండరూ భుజం మీద మోయాల్సిందే.

అందుకే ఆ రోజుల్లో పేపర్లలో రోజూ ఒకే లెక్క. లోకో ఎంతదూరం పోయింది? సైన్యం, నేవీ, సింగరేణి రెస్క్యూ సిబ్బంది, ర్యాట్ హోల్ మైనర్లు, దక్షిణ మధ్య రైల్వే కట్టర్లు, కేరళ పోలీసు జాగిలాలు... వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా ఆ గుమ్మం దగ్గర అదే బండి ఎక్కారు. బురద ఎత్తి పట్టాలు బయటపెట్టే కొద్దీ లోకో కాస్త కాస్త ముందుకు జరిగింది. రైల్వే నిపుణులు ముక్కలుగా కోసిన మిషన్ ఇనుము ఆ బండి మీదే బయటికి వచ్చింది.

మార్చి 9న ఒకరి మృతదేహం దొరికింది. మార్చి 25న ఇంకొకరిది. మిగిలిన ఆరుగురు దొరకలేదు. రెండు నెలలు దాటాక, చివరి కొన్ని మీటర్లు తవ్వితే పైకప్పు మళ్లీ కూలే ప్రమాదం ఉందని ఏప్రిల్ చివర్లో గాలింపు ఆపేశారు. ఆరు కుటుంబాలకి చివరిచూపు కూడా దక్కలేదు.

పెద్ద మిషన్, చిన్న దారి

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. పెద్ద ప్రాజెక్టు అనగానే మన కళ్లు పెద్దవాటి మీదే పడతాయి. ఎన్ని కోట్లు, ఎన్ని టీఎంసీలు, మిషన్ ఎంత పొడుగు? లోపలికి వెళ్లిన మనిషి బయటికి వచ్చే దారి ఎంత, దానికి రెండో దారి ఉందా అన్నది ఎవరూ అడగరు. పద్నాలుగు కిలోమీటర్ల లోతున ఒకే పట్టాల దారి, ఒకే చిన్న బండి. అది నడిచినంతకాలం అంతా సాఫీగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అది ఆగిన రోజు తెలుస్తుంది, మొత్తం ప్రాజెక్టు దేనిమీద నిలబడిందో!

లివర్‌పూల్ రేవుకి పగ్ ఎంత ముఖ్యమో, చానెల్ టన్నెల్‌కి హన్‌స్లెట్ ఇంజిన్ ఎంత ముఖ్యమో, నల్లమల సొరంగానికి లోకో అంత ముఖ్యం. ఒక్క తేడా ఉంది. రేవులో షంటింగ్ ఇంజిన్ ఆగితే సరుకు ఆలస్యమవుతుంది. సొరంగంలో ఆగితే మనిషి ఇంటికి రాడు.

ప్రమాదం తర్వాత మిగిలిన భాగాన్ని టీబీఎంతో కాకుండా, రంధ్రాలు వేసి మందు పేల్చే పాత పద్ధతిలో తవ్వాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. ఈసారి ముందు కొండ పొరల్లో ఏముందో చూడాలని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థతో హెలికాప్టర్ సర్వే కూడా మొదలుపెట్టించింది. లోపల నీరెక్కడ ఉంది, రాయి ఎక్కడ పగిలి ఉంది అన్నది అడుగుపెట్టకముందే తెలిస్తే అంతకంటే కావాల్సిందేముంది?

ఎప్పుడో ఒకరోజు ఆ 9.56 కిలోమీటర్లూ పూర్తవుతాయి. నీళ్లు వస్తాయి. మన్నెవారిపల్లి దగ్గర గేట్లెత్తి పూలు చల్లుతారు. అప్పటికి సొరంగంలో పట్టాలుండవు. లోకోలు ఏ యార్డులోనో తుప్పు పడుతుంటాయి. ఆ రోజు కాలువ గట్టున నిలబడి దోసిలి పట్టే రైతుకి మాత్రం ఒక సంగతి తెలియాలి. ఆ నీటికి ముందు, ఆ దారిలో ఓ చిన్న బండెక్కి వెళ్లిన ఎనిమిది మంది తిరిగి నడిచి రాలేదని.